దాపటి పెట్టె

పోయిన వారం మిమ్మల్ని ఆపిన చోటు గుర్తుచేసి ముందుకు కదులుతాను.

మాచర్ల అవతల సున్నపురాయి క్రషర్‌లో కరెంటు పని చేసే గోపీచంద్ మార్చి తొమ్మిదిన బెల్టులో పడి చనిపోయాడు. బెల్టు పక్కన ఒక తాడు ఉంటుంది. ప్రమాదం వస్తే దాన్ని లాగితే బెల్టు ఆగాలి. ఆ తాడు పనిచేయడం లేదని మేనేజరుకు మూడుసార్లు మెయిల్ పెట్టానని గోపీచంద్ ఇంట్లో భార్య రోహిణితో చెప్పాడు. అలాంటి మెయిల్ ఏదీ రాలేదని ఫ్యాక్టరీ అంటోంది. అది తేల్చవలసిన మెయిల్ సర్వర్లు నేను అమ్మినవి. అతను పోయిన ఆరో రోజున, ఆదివారం, నా మనిషి సుహైల్ వాటికి సర్వీస్ ప్యాక్, అంటే సాఫ్ట్‌వేర్ మరమ్మతులు, ఎక్కించడానికి వెళ్లాడు. మధ్యాహ్నానికి మెయిల్ మొత్తం కూలిపోయి, మళ్లీ లేచింది. లేచిన మెయిల్‌లో ఫిబ్రవరి మూడు తర్వాత వచ్చిన ఉత్తరం ఒక్కటీ లేదు.

తప్పు వేయడానికి మనిషి అందరికీ సులువుగా దొరికాడు. సుహైల్‌కు పని చేతకాలేదని ఫ్యాక్టరీ అంది. సుహైల్ అమ్ముడుపోయి చెరిపేశాడని రోహిణి తరఫువాళ్లు అన్నారు. త్రాసు రెండు పళ్లేల్లోనూ ఒకే మనిషిని కూర్చోబెట్టారు. మెయిల్ కూలిన పదహారో రోజున మేనేజరు చైతన్య నాకు ఫోన్ చేశాడు. సాయంత్రం నాలుగింటికి ప్రమాదం విచారించే ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఈలోగా సుహైల్ వచ్చి, తన అజాగ్రత్త వల్లే ఉత్తరాలు పోయాయని రాసిన కాగితం మీద సంతకం పెడితే పోలీసు కేసు ఉండదు. పెట్టించే బాధ్యత నాది.

సరే అన్నాను. అక్కడ మిమ్మల్ని ఆపాను.

సరే అనడానికి నా లెక్క నాకుంది. సంతకం పెడితే సుహైల్ పేరు పోతుంది, సుహైల్ మిగులుతాడు. పెట్టకపోతే రెండూ పోవచ్చు. ఫ్యాక్టరీ నా కంప్యూటర్ల కొట్టుకు అయిదేళ్ల బేరం. నష్టం తక్కువున్న వైపు నడవడం ముప్పై ఏళ్లుగా నాకు అలవాటు. నరసరావుపేటలో కొట్టు పెట్టిన రోజు నుంచి అలా నడిచే నిలబడ్డాను.

సుహైల్‌ను కారులో ఎక్కించుకుని పిడుగురాళ్ల దాటాను. ముప్పై నాలుగేళ్లవాడు, నా దగ్గర పదకొండేళ్లుగా ఉన్నాడు. ఇంతవరకు ఎవరి ఫైలూ పోగొట్టినవాడు కాదు.

"అంజుమ్ పాపని బడి మాన్పించాం బాబాయ్," అన్నాడు గురజాల వైపు తిరిగాక.

"ఎందుకురా?"

"'మీ నాయన చచ్చినోడి ఉత్తరాలు చెరిపాడంట గదా' అన్నారంట బస్సులో. మూడో తరగతి పిల్లలు. మెయిలంటే ఏందో తెలుసా వాళ్లకి?"

"సంతకం పెట్టేస్తే నాలుగు రోజుల్లో మర్చిపోతారు."

"పెట్టకపోతే మర్చిపోతారేమో బాబాయ్. పెడితే కాయితం మీద ఉంటది గదా."

అద్దం దించి బయటికి చూశాను. మిరప కోసిన చేలు ఎండిన కట్టెలతో నిలబడి ఉన్నాయి.

ఫ్యాక్టరీ గేటు పక్కన లారీలు తూచే కాటా ఉంది. దాని రేకుల నీడలో రోహిణి కూర్చుని ఉంది. భర్త పోయిన నాటి నుంచి రోజూ వచ్చి అక్కడే కూర్చుంటోందని వాచ్‌మన్ చెప్పాడు. పొమ్మంటే పోదు, లోపలికీ రాదు. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లగా రాతి దుమ్ము. కారు దిగిన సుహైల్‌ను చూసి లేచి నిలబడింది.

"ఏం సుహైలన్నా, ఇంకేమన్నా మిగిలితే అది గూడా తుడిచిపోదామని వచ్చావా?"

"లేదమ్మా," అన్నాడు వాడు.

"మరెందుకు వచ్చావ్? నీక్కూడా కూతురుందంట గదా. ఆ పిల్ల మీద ఒట్టేసి చెప్పు, చెరపలేదని."

సుహైల్ నేల చూశాడు. ఒట్టు వేయడానికి భయపడి కాదు. ఏం జరిగిందో వాడికే తెలియదు. తెలియని దాని మీద కూతురిని పెట్టి ఒట్టేసే మనిషి కాడు వాడు. కాని చూసేవాళ్లకు అది నేరం ఒప్పుకోవడంలాగే కనిపిస్తుంది.

ఆమె నా వైపు తిరిగింది. "మా ఆయన అబద్ధమాడేవాడు కాదు బాబాయ్. తేదీలు గూడా చెప్పాడు నాకు. ఫిబ్రవరి పదకొండు, ఇరవై, మళ్లీ మార్చి రెండు. తాడు లాగినా బెల్టు ఆగట్లేదని రాశాడు. ఆ రోజు గూడా ఆ తాడే లాగి ఉంటాడు గదా? పనిచేయదని తెలిసీ లాగి ఉంటాడు. వేరే ఏముంది చేతికి అందేది?"

నేను తల ఊపి లోపలికి నడిచాను. తల ఊపడానికి పెట్టుబడి అక్కర్లేదు.

సర్వర్ల గది మేనేజరు ఆఫీసు పక్కనే, అద్దాల తలుపు వెనక ఉంది. గది నడిమధ్య ఒక గ్రానైటు బండ. గాలి ఆడాలని గోడకు ఆనించకుండా నేనే వేయించాను. ఆ రోజు ఓనరు పెద్దాయన పక్కనే నిలబడి, "మన ఉత్తరాలు మన కప్పు కిందే ఉండాలయ్యా, ఎవడి క్లౌడులోనో, మబ్బుల్లోనో వద్దు" అన్నాడు. అందుకే రెండు పెట్టెలు అమ్మాను. రెండింటికీ బయటికి పేరు ఒకటే. మెయిల్ పంపేవాడికి ఏ పెట్టె పని చేస్తోందో తెలియదు, తెలియక్కర్లేదు. ఒకటి బరువు లాగుతుంటే రెండోది విశ్రాంతిగా ఉండి, మొదటిదాని దగ్గరున్న ఉత్తరాలన్నీ నకలు చేసుకుంటుంది. మొదటిది కుంటుపడితే రెండోది భుజం పెడుతుంది.

జోడెద్దుల్లా అనిపించి వాటికి దాపట, వలపట, అంటే ఎడమది, కుడిది అని నేనే పేర్లు పెట్టాను. పెద్దాయన నవ్వి భుజం తట్టాడు. బేరంలో అలాంటివి పనికొస్తాయి.

సర్వీస్ ప్యాక్ ఎక్కించడానికీ పద్ధతి అదే. ముందు విశ్రాంతిగా ఉన్నదానికి ఎక్కించాలి. అది బాగుందని తేలాక బరువు దాని మీదకు మార్చి, రెండోదానికి ఎక్కించాలి. ఆ ఆదివారం విశ్రాంతిగా ఉన్నది దాపట. దానికి ప్యాక్ సగంలో ఆగిపోయింది. ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. సుహైల్ నాకు ఫోన్ చేశాడు. కొట్టు నిండా జనం ఉన్నారు. "దాపటి పెట్టె ఊడదీసి ఫ్యాక్టరీ వ్యాన్‌లో నా దగ్గరికి పంపు, ఖాళీ చేసి కొత్తగా పోసి ఇస్తాను" అన్నాను. అర నిమిషం మాట. వాడు బయట స్క్రీన్ దగ్గర కూర్చుని స్టోర్స్ మనుషులకు చెప్పాడు, వాళ్లు పెట్టె మోసుకుపోయారు. ఆ వెంటనే మెయిల్ మొత్తం ఆగిపోయింది. మేనేజరు అరుస్తుంటే సుహైల్ ఉమ్మడి పేరు మీద ఆదేశమిచ్చి, ఉన్న పెట్టెను బలవంతంగా లేపాడు. ఫిబ్రవరి మూడు దగ్గర ఆగిపోయిన మెయిల్ లేచింది. పది నిమిషాల్లో వాడిని బయటికి పంపి గదికి తాళం వేశారు. ఇవాళే మళ్లీ తీశారు.

చైతన్య కాగితం బల్ల మీద పెట్టి పైన పెన్ను పెట్టాడు. నలభై దాటని మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు. "చదువుకోండి సుహైల్ గారూ. మీకు ఇబ్బంది కలిగించే మాట ఒక్కటి కూడా లేదు."

సుహైల్ చదివాడు. "నా అజాగ్రత్త వల్ల అని ఉంది సార్."

"అజాగ్రత్త నేరం కాదు కదా. కావాలని చేశారని మేము అనడం లేదు. ఆ గేటు దగ్గర ఆమె అంటోంది."

"పెట్టెయ్‌రా," అన్నాను నేను.

వాడు పెన్ను తీసుకోలేదు. "ఒక్కసారి గదిలోకి పోయి చూస్తాను సార్. ఆ రోజు చూడనివ్వలేదు. చూసొచ్చి పెడతా."

చైతన్య గోడ గడియారం చూశాడు. రెండూ పది. "ఐదు నిమిషాలు," అన్నాడు.

గదిలో బండ మీద ఒక్క పెట్టె ఉంది, తలుపులోంచి చూస్తే కుడివైపున. ఎడమవైపు పెట్టె ఉండిన చోట దుమ్ములేని నల్లటి నలుచదరం. సుహైల్ పెట్టెకు ఎదురుగా స్టూలు లాక్కుని స్క్రీన్ వెలిగించాడు. పెట్టె తనంతట తాను రాసుకునే లాగ్ చిట్టా తెరిచి కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. నేను అలవాటు కొద్దీ తీగలు చూద్దామని బండ వెనక్కు వెళ్లాను. చైతన్య తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఇదేంది?" అన్నాడు సుహైల్.

"ఏముందిరా?"

"పదకొండూ ఇరవైకి ప్యాక్ సగంలో ఆగింది, ఒక సర్వీసు ఆపేసి ఉన్నందుకు. అది ఈ పెట్టెలోనే ఆగింది బాబాయ్. పేరు చూడండి, దాపట. ఇది దాపట! ఇది గదా మీ దగ్గర ఉండాల్సింది?"

"సరిగ్గా చూడు."

"చూశాను. నకలు గూడా ఫిబ్రవరి మూడున ఆగిపోయి ఉంది. తర్వాత చేసుకోలేదు. అది నేను ముందే చూడాల్సింది బాబాయ్, చూడలేదు." ఆ ఒక్క తప్పు సుహైల్‌దే, వాడే ఒప్పుకున్నాడు. "కాని ఇది చూడండి. పదకొండూ యాభై రెండుకు వలపట కనిపించకుండా పోయింది. అంతకు ముందు దాంట్లో ఒక్క తప్పు గూడా రాలేదు. చెడిపోయే యంత్రం ముందు మూలుగుతది. ఇది మూలగలేదు. లాగేసిన ప్లగ్గు ఇది."

"మీరు పంపమన్నదే పంపారు కదా?" అన్నాడు చైతన్య.

"ఎడమదే సార్. దాపట అంటే ఎడమని బాబాయే చెప్పాడు నాకు. అద్దంలోంచి వేలు పెట్టి చూపించా, ఎడమదని. స్టోర్స్ వాళ్లని అడగండి."

నేను బండ వెనక నిలబడి ఉన్నాను. నా ఎదురుగా పెట్టె వీపు, తీగలు. నా ఎడమచేతి వైపు పెట్టె ఉంది. నా కుడిచేతి వైపు ఖాళీ.

అయిదేళ్ల కింద కూడా ఇక్కడే నిలబడ్డాను. తీగలు బిగిస్తూ, ఇటు నుంచే చూసి పేర్లు పెట్టాను. మా నాన్నకు రెండెకరాలుండేవి. ఎనిమిదో తరగతి వరకు అరక తోలాను. అరక తోలేవాడు ఎద్దుల వెనకే నడుస్తాడు. అతని ఎడమచేతి కిందిది దాపటిది, కుడిచేతి కిందిది వలపటిది. ఎద్దుకు ఎదురుగా నిలబడి ఎవరూ పేరు పెట్టరు. సుహైల్ నరసరావుపేట బజారులో పుట్టినవాడు. కాడి పట్టింది లేదు. దాపట అంటే ఎడమ అని చెప్పాను కాని ఎటు నిలబడి చూస్తే ఎడమో చెప్పలేదు. చెప్పాలని కూడా నాకు తోచలేదు.

"నీకు ఎడమరా," అన్నాను. "నాకు కాదు."

నోరు జారింది. సుహైల్ తలెత్తి, బండ మీదుగా నన్ను, నా చేతుల్ని, ఖాళీ చోటును చూశాడు. వాడికి అర్థమవడం నాకు కనిపించింది. పదహారు రోజులుగా వంగిన వెన్ను ఒక్క జానెడు లేచింది.

"అయితే వలపట మీ దగ్గరుంది! మార్చి పదిహేను దాకా ఉత్తరాలన్నీ దాంట్లోనే ఉంటాయి బాబాయ్!"

చైతన్య గదిలోకి రెండడుగులు వేశాడు. సంతోషించే మనిషి ముఖం కాదది. "మంచి విషయమే," అన్నాడు నెమ్మదిగా. "కేశవరావు గారూ, ఖాళీ చేసి ఇస్తానని కదా పట్టుకెళ్లారు. చేసేశారా?"

చేయలేదు. పదిహేను రోజులు బల్ల కింద పడి ఉంది. ఇవాళ ఉదయం నేనే ఎత్తి బల్ల మీద పెట్టి, మూడింటికి ఖాళీ చేయడం మొదలుపెట్టమని మా టెక్నీషియన్ దేవికకు చెప్పి వచ్చాను.

నేను లెక్క వేశాను. ఆ పెట్టె నాది కాదు, ఫ్యాక్టరీది. చేయలేదంటే, మా వస్తువు మాకివ్వండి అంటాడు. ఇవ్వననడానికి నాకు హక్కు లేదు. ఇస్తే అది ఇన్‌స్పెక్టర్ బల్ల మీదకు చేరదని అతని ముఖమే చెబుతోంది. చేశామంటే, అడగడానికి అతని దగ్గర ఏమీ మిగలదు. కొట్టుకు ఒక్క ఫోను చేస్తే చాలు, మూడింటికి ఇంకా టైముంది. ఈ లెక్కలో ఒక్కటే తరుగు. ఆ మాట సుహైల్ కూడా వింటాడు.

"చేశామండీ," అన్నాను. "పది రోజులైంది."

సుహైల్ నన్నే చూస్తున్నాడు. కన్ను గీటలేను, చైతన్య చూపు నా ముఖం మీదే ఉంది. లేచిన వెన్ను మళ్లీ వంగింది.

"మొత్తమా బాబాయ్?"

"మొత్తం."

"అయ్యో," అన్నాడు చైతన్య. ఆ మాటలో బరువు లేదు. "ఇంక చేసేదేముంది? రండి, అది పూర్తి చేద్దాం."

ఆపవచ్చు. పెన్ను తీసుకునేటప్పుడు చెయ్యి పట్టుకోవచ్చు. నేను పట్టుకోలేదు. పెట్టె భద్రంగా ఉంటే ఈ సంతకం రేపటికి చెల్లదు, ఇప్పుడు ఆపితే చైతన్యకు అనుమానం వస్తుంది. అలా సర్దిచెప్పుకున్నాను. సుహైల్ తన పూర్తి పేరు, తండ్రి పేరు రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టాడు. పెట్టాక పెన్ను మూత వెతికి బిగించాడు. నాకు గుర్తుండిపోయింది ఆ మూతే.

"గోపీచంద్‌కి ఇంక సాక్ష్యం లేదు సార్," అన్నాడు వాడు చైతన్యతో. చైతన్య కాగితం మడుస్తూ ఉన్నాడు.

నేను బాత్రూమ్‌కని చెప్పి బయటికి వచ్చి, షెడ్డు వెనక రాళ్లగుట్ట చాటున నిలబడి కొట్టుకు ఫోన్ చేశాను. రెండూ ముప్పై ఐదు. ఎత్తింది నా భార్య విజయలక్ష్మి.

"ఏమే, దేవికేదీ?"

"వాళ్లమ్మకి బాగాలేదని క్రోసూరు పోయింది. నన్ను కూర్చోమని మీ ఇంజనీరమ్మ ఆర్డరు. అన్నం గూడా తినలేదు నేను."

"పోయేముందు పెట్టెలేమన్నా ముట్టుకుందా?"

"మళ్లీ ఎప్పుడొస్తానో ఏందో అని మధ్యాహ్నమే మొదలుపెట్టి పోయింది. రెండు పెట్టెలకి దీపాలు ఎగురుతున్నయ్. టీవీ మీద అంకె తిరుగుతోంది. యాభై ఎనిమిది."

"ఆ పెట్టె ప్లగ్గు పీకు! ఇప్పుడే!"

"ఏ పెట్టెది? రెండున్నయ్‌గా. ఒకటి కాలేజీవాళ్లదని, ముట్టుకోవద్దని చీటీ రాసింది. చీటీ బల్ల మీదుంది, ఏ పెట్టెదో నాకేం తెలుసు?"

ఎడమది అని నోటిదాకా వచ్చింది. ఉదయం ఆ రెండింటినీ నేను వెనక నుంచే పెట్టాను, తీగలు అటే ఉంటాయి కనుక.

"నువ్వు ఎటు నిలబడ్డావే?"

"ఏందా ప్రశ్న? గల్లాపెట్టె దగ్గర. పెట్టెల ముందర."

"అయితే నీ కుడిచేతి వైపుది. కుడిచేతిది! చెయ్యెత్తి చూసుకో."

"అన్నం తినే చెయ్యి తెలియదా నాకు? ఉండండి... పీకా. దీపం ఆరింది."

"అంకె?"

"ఆగింది. అరవై ఒకటి దగ్గర ఆగింది. ఏం జరిగిందండీ? గొంతట్లా ఉందేంది?"

వందలో అరవై ఒకటి పోయింది. మిగిలిన ముప్పై తొమ్మిదిలో ఫిబ్రవరి పదకొండు ఉందో, ఇరవై ఉందో, మార్చి రెండు ఉందో, ఏదీ లేదో. నేను గదిలో సంతకం కోసం ఆగిన ఆ ఇరవై నిమిషాల్లో ఎంత పోయిందో లెక్క వేయగలను. వేయలేదు. జీవితంలో మొదటిసారి ఒక లెక్క వేయడానికి భయపడ్డాను.

"షట్టరు దించి తాళం వెయ్. నేనొచ్చేదాకా ఎవరొచ్చినా, నా పేరు చెప్పినా తియ్యద్దు," అని ఫోన్ పెట్టి వెనక్కు తిరిగాను.

నాలుగడుగుల దూరంలో సుహైల్ నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. వేళ్లకు ఇంకా సిరా మరక ఉంది.

"అయితే నేను సంతకం పెట్టేటప్పటికి..." అని ఆగాడు. "అప్పటికి చెరిపి లేదా బాబాయ్?"

వాడు నా జవాబు కోసం చూడడం లేదు. నా భుజం మీదుగా గేటు వైపు చూస్తున్నాడు. నేనూ అటు తిరిగాను. ఆ ఆదివారం పెట్టె మోసుకుపోయిన స్టోర్స్ మనుషులు ఇద్దరూ ఫ్యాక్టరీ జీపు ఎక్కి కూర్చున్నారు. చైతన్య మాకు వీపు తిప్పి, డ్రైవరు పక్క కిటికీ దగ్గర వంగి, నరసరావుపేటలో నా కొట్టు ఏ సందులో ఉందో చేత్తో మలుపులు తిప్పి చూపిస్తున్నాడు. ఖాళీ చేశామన్న నా మాట అతను నమ్మలేదు. జీపు కదిలింది. రోహిణి కాటా మీంచి లేచి దానికి దారి ఇచ్చింది.